పైన పటారం, కింద తుప్పు

వ్యాన్‌ని ఇల్లుగా మార్చే వీడియోలు తీసేవాళ్ళందరికీ నాదొక విన్నపం. పైకప్పుకి చెక్క పలకలు కొట్టే ముక్క ఇక చాలించండి బాబూ, చూసి చూసి మొహం మొత్తింది.

ఏ వీడియో అని అడక్కండి, అన్నీ ఒకటే. మొదటి సెకనులో సరుకులు మోసి మోసి డొక్కుపడిన సెకండ్‌హ్యాండ్ వ్యాన్ ఒకటి తలుపులు బార్లా తెరుచుకుని నిలబడి ఉంటుంది. మూడో సెకనులో లోపల చీపురు తిరుగుతుంది. ఎనిమిదో సెకనుకల్లా పైకప్పుకి సన్నటి చెక్క పలకలు ఒకదాని పక్కన ఒకటి టకటకా వచ్చి అతుక్కుంటాయి, వెనక సంగీతం, అతుక్కున్న ప్రతి పలకకీ ఒక తాళం. ఇరవయ్యో సెకనుకి మంచం, తెల్లటి దుప్పటి, చిన్న చిన్న దీపాల తోరణం, వెనక తలుపుల్లోంచి సముద్రం, ఆ సముద్రానికి అడ్డంగా ఎవరివో రెండు పాదాలు. కింద ఒక వాక్యం: మేం చేశాం, మీరూ చేయగలరు.

ఇంతకీ ఆ పలకలు చేసే పని ఏమిటయ్యా అంటే, ఏమీ లేదు. గుంతల్లో ఎగురుతూ పోయే రేకు డబ్బాకి లోపల చెక్క సీలింగ్ ఎందుకో ఎవరూ చెప్పరు, అడిగితే వైబ్ అంటారు. బరువు తీసుకెళ్ళి నెత్తిన పెట్టాం కాబట్టి మలుపుల్లో బండి మరికాస్త ఒరుగుతుంది. పలక మందం, దాని వెనక బద్దె మందం, బద్దె వెనక ఇన్సులేషన్ మందం అన్నీ కలిసి మనిషి నిలబడే ఎత్తుని మింగేస్తాయి, ఆ తర్వాత ఆ ఇంటాయన ఆ బండి ఉన్నన్నాళ్ళూ మెడ వంచుకునే టీ కాచుకుంటాడు (దీన్నే స్వేచ్ఛ అంటున్నారు ఈ మధ్య). తేమకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, గతుకుల రోడ్డెక్కితే కిర్రు కిర్రుమని తల తినేస్తుంది. అయినా సరే, పలక పడాల్సిందే. పలక లేని వ్యాన్‌కి లైకులు రావు.

కాదు కాదు, ఉపయోగం ఒకటుంది. పలక దాస్తుంది. ఏదైనా దాస్తుంది.

సెకండ్‌హ్యాండ్ వ్యాన్ కొన్నవాడు చేయాల్సిన మొదటి పని దాని కిందికి దూరి వెల్లకిలా పడుకోవడం. ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో స్క్రూడ్రైవర్ పట్టుకుని తలుపుల కింది అంచులు, చక్రాల గూళ్ళు, జాక్ పెట్టే చోట్లు, చాసీ ఒక్కొక్కటీ పొడిచి చూడాలి. టంగుమంటే సరే. స్క్రూడ్రైవర్ మెత్తగా లోపలికి దిగిపోయి ఎర్రటి పొడి వచ్చి కళ్ళలో పడిందా, అక్కడ మీరు కొన్నది వ్యాన్ కాదు, దాని పెయింటు. ఆ చోటు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. అదీ లోపల ఫోమూ చెక్కా పడకముందే చేయించాలి, పడ్డాక చేయిస్తే ఒక్క నిప్పురవ్వకి తుప్పుతోపాటు వ్యాన్ కూడా వదిలిపోతుంది. ఇంత ముఖ్యమైన పని ఏ వీడియోలోనూ కనిపించదు. గ్రీజు మరకల టీషర్టుతో నేల మీద పొర్లుతున్న మనిషిని సంగీతం పెట్టి చూపించడం కష్టం కదా.

పైగా మనవాడు ఫ్యాన్ పెట్టడానికి పైకప్పులో జిగ్‌సాతో చదరంగా కంత కోస్తాడు. కోసిన అంచుకి ప్రైమర్ పూయడు, రాలిన ఇనప రజను ఊడ్వడు. ఒక్క వాన పడగానే ఆ రజను తెల్లటి పెయింటు మీద నారింజ రంగు చుక్కలై తేలుతుంది, సీలంట్ సరిగా పూయలేదు కాబట్టి మంచం మీద ఇంకో చుక్క పడుతుంది. గాలి కోసం కంత పెడితే వాన వచ్చి చేరింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు.

ఈ సరదా కొత్తదని ఎవరైనా అంటే నమ్మకండి. ఫోక్స్‌వ్యాగన్ తన టైప్ 2 వ్యాన్ తయారీ 1950లో మొదలుపెడితే, ఆ మరుసటి ఏడాదే వెస్ట్‌ఫాలియా అనే జర్మన్ కంపెనీ అందులో పెట్టుకునే క్యాంపింగ్ బాక్స్ తెచ్చింది. షికారుకి వెళ్ళేటప్పుడు పెట్టుకో, పని రోజున తీసేసి సరుకులు మోసుకో. అంతకంటే తెలివైన ఆలోచన ఈ డెబ్బై ఏళ్ళ పైచిలుకులో ఎవరికీ తట్టలేదని నా అభిప్రాయం, తట్టినా దానికి తోరణం కట్టడానికి వీలుండదు.

ఇక కరెంటు. "ఇది చాలా ఈజీ" అని మొదలవుతుంది ఆ భాగం, ఆ మాట వినగానే నాకు టెన్షన్ మొదలవుతుంది. 12 వోల్టుల బ్యాటరీ మీద 2,000 వాట్ల లోడు నడపాలంటే దాదాపు 167 ఆంపియర్లు లాగాలి. అదే లోడు 230 వోల్టుల ఇంటి కరెంటు మీద అయితే 9 ఆంపియర్లు కూడా లాగదు. అంటే వ్యాన్‌లో వేలంత లావు రాగి కేబుల్ కావాలి, దానికి తగ్గ ఫ్యూజు బ్యాటరీ పక్కనే జానెడు దూరంలో ఉండాలి. మనవాడు మాత్రం ఇంట్లో మిగిలిన సన్నటి వైరు లాగి, ఫ్యూజు దండగ ఖర్చు అనుకుని, ఆ వైరుని తీసుకెళ్ళి ఎండిన చెక్క పలక వెనక తోసి, పలకకి మేకు కొడతాడు. ఆ మేకు ఎక్కడ దిగిందో దేవుడికే తెలియాలి.

ఇంకో మహానుభావుడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కొని, ఇక మంచు కొండల్లోనే కాపురం అంటాడు. ఆ బ్యాటరీ సున్నా డిగ్రీల కంటే చల్లబడితే దానికి ఛార్జింగ్ పెట్టకూడదు, పెడితే లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. పైన ఎండ ఉంది, ఎండకింద సోలార్ ప్యానెల్ ఉంది, ప్యానెల్‌కింద ఖరీదైన బ్యాటరీ ఉంది, అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో మాత్రం శని ఉంది. చలికి కిటికీలు మూసి లోపల గ్యాస్ వెలిగిస్తే ఇంకో సంబరం: ఒక కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకి పైగా నీళ్ళు పుడతాయి. నమ్మకపోతే స్కూల్లో చదివిన కెమిస్ట్రీ గుర్తు తెచ్చుకోండి. మన ఊపిరిలోని తేమతో కలిసి ఆ నీళ్ళన్నీ చల్లటి రేకుని వెతుక్కుంటూ పోయి పలక వెనకే చేరతాయి. అక్కడ చీకటిగా, తడిగా, ఎవరూ చూడకుండా తుప్పు హాయిగా కాపురం పెడుతుంది. వ్యాన్ లైఫ్ అంటే అది అనుభవించేది, మనం కాదు.

సరే, అన్నీ సవ్యంగానే ఉన్నాయనుకుందాం. ఆ పాదాల ఫోటోకి ముందు రాత్రి ఏం జరిగిందో ఎవరూ చూపించరు కాబట్టి నేనే చెబుతాను.

రాత్రి రెండున్నర. బయట జోరున వాన. మంచానికి లోపలి వైపు పడుకున్న ఆవిడకి టాయిలెట్‌కి వెళ్ళాలి. టాయిలెట్ మంచం కింద డ్రాయర్‌లో ఉంది. ఆ డ్రాయర్ లాగాలంటే నడవలో జాగా ఉండాలి, నడవలో నీళ్ళ క్యాన్, నాలుగు చెప్పులు, మడత కుర్చీలు, తడిసిన కుక్క ఉన్నాయి. "ఏమండీ, లేవండి." ఆయన లేచి కూర్చోగానే తల వెళ్ళి ఠంగున పలకకి తగులుతుంది. కుర్చీలు ముందు సీటు మీదికి వెళ్ళాయి, క్యాన్ స్టవ్ మీదికి ఎక్కింది, కుక్క మంచం మీదికి ఎక్కింది, ఎక్కాక దులుపుకుంది. ఇప్పుడు డ్రాయర్ లాగితే రాదు, ఎందుకంటే సముద్రం బాగా కనిపించాలని బండిని ఏటవాలుగా ఆపారు, డ్రాయర్‌కి అది ఎదురెక్కుడు. ఆయన కాలు తన్నిపెట్టి గట్టిగా లాగితే ఈసారి మొత్తం ఊడి వచ్చి మోకాలి కింద ఎముకకి తగిలింది. అయినా టాయిలెట్ మీద మనిషి కూర్చోవాలంటే నడవలో ఇంకో మనిషి ఉండడానికి వీల్లేదు, అందుకని ఆయన దుప్పటి కప్పుకుని డ్రైవర్ సీట్లోకి వెళ్ళి, మర్యాదగా అద్దం వైపు తిరిగి కూర్చున్నాడు. కూర్చుంటుండగా మోచెయ్యి హారన్ మీద పడింది. పక్కన ఆగి ఉన్న వ్యాన్లలో ఒక్కొక్కటిగా దీపాల తోరణాలు వెలిగాయి. చివరికి పని అయింది, డ్రాయర్ లోపలికి పోయింది, క్యాన్ కిందికి దిగింది, చెప్పులు సర్దుకున్నాయి, కుక్కని దించారు, ఇద్దరూ పడుకుని దుప్పటి కప్పుకున్నారు. అప్పుడు ఆయన మెల్లగా అన్నాడు: "నాకూ వస్తోంది."

తెల్లారి ఆరింటికి పాదాలు తుడుచుకుని ఫోటో దిగారు.

బరువు సంగతి త్వరగా చెప్పేస్తాను, వినేవాళ్ళు ఎలాగూ లేరు. ప్రతి బండికీ కంపెనీ రాసిచ్చిన గరిష్ఠ బరువు ఒకటుంటుంది, మనుషులు, నీళ్ళు, డీజిల్, కుక్క అన్నీ ఎక్కాక కూడా దాన్ని దాటకూడదు. యూరప్‌లో చాలాచోట్ల మామూలు కారు లైసెన్సుతో నడపగలిగే వ్యాన్ 3,500 కిలోల దాకానే. 100 లీటర్ల నీళ్ళ ట్యాంకు నింపితే 100 కిలోలు. ఎనిమిదడుగులకి నాలుగడుగుల బర్చ్ ప్లైవుడ్ షీటు, 18 మిల్లీమీటర్లది, ఒక్కటే 35 కిలోలకి అటూ ఇటూ ఉంటుంది, అలాంటివి ఎన్ని కోశారో లెక్కే ఉండదు. అంతా పూర్తయ్యాక ఒకసారి తీసుకెళ్ళి కాటా వేయించండి అంటే మొహం మాడ్చుకుంటారు. బ్రేకులకి వైబ్ తెలియదు, బరువే తెలుసు.

ఇంతవరకు నవ్వాం కదా, ఇప్పుడు నాకు నవ్వు రావడం లేదు. వీడియో ఆఖర్లో పిల్లలు వస్తారు. అమ్మానాన్నలు ముందు సీట్లలో బెల్టులు పెట్టుకుని కూర్చుంటారు, పిల్లలు వెనక ప్లైవుడ్ పెట్టె మీద, రోడ్డుకి అడ్డంగా, కూర్చుని రంగుల పుస్తకం దిద్దుకుంటూ ఉంటారు. బండి కదులుతోంది! ఆ పెట్టె చెక్క స్క్రూలతో బిగించింది. కొందరు దానికి బెల్టు కూడా తగిలిస్తారు, చెక్కకి నాలుగు స్క్రూలు కొట్టి, సేఫ్టీ ఫస్ట్ అని కింద రాసి మరీ. 50 కిలోమీటర్ల వేగంలో దేన్నైనా గుద్దుకుంటే ఆ పిల్లవాడు 10 మీటర్ల ఎత్తు నుంచి పడినంత వేగంతో ఎదుటి అల్మరాని గుద్దుకుంటాడు. చెక్కలోంచి స్క్రూ ఊడిరావడానికి ఆ దెబ్బలో కొంత చాలు. నిల్స్ బోలిన్ అనే వోల్వో ఇంజినీరు మూడు చోట్ల పట్టి ఉంచే సీటు బెల్టు తయారుచేసింది 1959లో, ప్రాణాలకి సంబంధించిన విషయమని ఆ కంపెనీ పేటెంటుని మిగతా కంపెనీలన్నిటికీ వదిలేసింది. ఊరికే ఇచ్చిన దాన్ని కూడా మీ పిల్లలకి పెట్టరా? పరీక్ష చేసిన సీటు, బండి ఇనుముకి సరైన పద్ధతిలో బిగించింది, కొనాలంటే ఖర్చే, కాదనను. సీలింగ్‌కి దేవదారు పలకలు తెప్పించినప్పుడు ఆ ఖర్చు కనిపించలేదా? సీటు కొనలేకపోతే పిల్లల్ని ఎక్కించకండి. అంతే. గ్యాస్ హీటర్ పెట్టి కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టనివాళ్ళకీ ఇదే మాట. ఆ విషవాయువుకి రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవాళ్ళని లేపదు. అలారం చూడడానికి బాగుండదని తీసేశాం అని కామెంట్లో రాసిన ఆవిడకి నేను మర్యాదగా జవాబు రాయడానికి ప్రయత్నించాను, రాయలేకపోయాను.

ఇక ఆఖరి అంకం అమ్మకం ప్రకటన. అందరూ చివరికి ఇక్కడికే వస్తారు. "95 శాతం పూర్తయింది, చిన్న చిన్న పనులు మాత్రమే మిగిలాయి, ఎంతో ప్రేమతో తయారుచేసుకున్నాం, బేరాలు వద్దు." మొన్న ఒకాయనని మిగిలిన ఐదు శాతం ఏమిటండీ అని అడిగాను. వైరింగ్, నీళ్ళ లైను, గ్యాస్ లైను, వెనక సీట్లు, వాహనం రకం మార్పించే కాగితాలు, కింద "కాస్త" వెల్డింగ్. ఎందుకు అమ్ముతున్నారంటే ఇంకాస్త పెద్ద సెకండ్‌హ్యాండ్ వ్యాన్ దొరికిందట, నిన్ననే అడ్వాన్సు ఇచ్చేశారట. కిందికి దూరి చూశారా అన్నాను.

"ఎందుకండీ?" అన్నాడు.