పచ్చ బ్యాండ్ కడితే చాలదు, ఇంట్లో మాట చెప్పాలి

2016 ఆగస్టు 20. రియోలోని మరకానా స్టేడియంలో ఒలింపిక్ ఫుట్‌బాల్ ఫైనల్. బ్రెజిల్ ఎదుట జర్మనీ. రెండేళ్ల కిందట సొంతగడ్డపై ప్రపంచకప్ సెమీఫైనల్లో 7-1తో పరువు తీసిన జట్టే అది. పెనాల్టీల్లో నెయ్‌మార్ చివరి కిక్ వలలో పడగానే స్టేడియం ఊగిపోయింది. సరిగ్గా ఆ రాత్రి, అదే నగరంలో ఒక బ్రెజిల్ మహిళ ఛాతీలో కొట్టుకుంటున్నది జర్మనీ మనిషి గుండె. జర్మనీ కనూ స్లాలమ్ (ఉరకలెత్తే నీటిలో పడవ పందెం) జట్టు కోచ్ స్టెఫాన్ హెంజె అంతకు ఐదు రోజుల ముందు రియోలోనే కన్నుమూశారు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన ఆటగాడాయన. టాక్సీ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి 35 ఏళ్లకే పోయారు. కుటుంబం సరేననడంతో గుండె, కాలేయం, రెండు కిడ్నీలు నలుగురికి అమర్చారు. ఆ నలుగురు ఏ జట్టు వాళ్లో ఎవరూ అడగలేదు. బ్లడ్ గ్రూప్, ఒంటి కొలత, ఎవరి పరిస్థితి ఎంత విషమంగా ఉంది, వరసలో ఎవరు ముందున్నారు... అవయవాల కేటాయింపులో చూసేది ఇవే.

ఇలాంటి సంగతి చదివినప్పుడల్లా 'ఆట ఆటే, ప్రాణం ప్రాణమే' అని నిట్టూర్చి పేజీ తిప్పేస్తాం. అలా వదిలేయడం తప్పని నా వాదన. వీరాభిమానాన్ని పిచ్చి అని కొట్టిపారేయడం తేలిక. కానీ అవయవదానానికి మన దేశంలో ఇంతవరకూ సరిగా వాడుకోని అతిపెద్ద బలం అదే. అందుకు రుజువూ బ్రెజిల్‌లోనే ఉంది.

బ్రెజిల్ 1997లో ఒక చట్టం చేసింది. వద్దని గుర్తింపు కార్డులో రాయించుకోనివాళ్లందరినీ దాతలుగానే లెక్కగడతామంది. కాగితం మీద ఎంతో ఉదారంగా ఉన్న ఆ చట్టం జనాన్ని బెదరగొట్టింది. 'నేను దాతను కాను' అని కార్డు మీద రాయించుకోవడానికి ఎగబడ్డారు. వైద్యులే అమలుకు వెనకాడారు. 1998లోనే ప్రభుత్వం వెనక్కి తగ్గి, నిర్ణయాన్ని మళ్లీ కుటుంబం చేతికి ఇచ్చింది.

పద్నాలుగేళ్లకు, 2012లో, అదే దేశంలో రెసిఫె నగరపు ఫుట్‌బాల్ జట్టు స్పోర్ట్ క్లబ్ తన అభిమానుల చేతికి దాత కార్డు ఇచ్చింది. ఎరుపు నలుపు రంగుల్లో, జట్టు గుర్తుతో. ఊరిలోనే శాంతా క్రూజ్, నౌటికో అనే మరో రెండు జట్లున్నాయి. ఈ జట్లు ఒకదానితో ఒకటి తలపడే డెర్బీ రోజున ఊరు నిలువునా చీలిపోతుంది. అలాంటి చోట క్లబ్ చెప్పిన మాట ఒక్కటే: నువ్వు పోయాక కూడా నీ గుండె స్పోర్ట్ కోసం కొట్టుకుంటుంది. ప్రచార చిత్రంలో కనిపించింది నటులు కాదు, అవయవాల కోసం నిజంగా ఎదురుచూస్తున్న రోగులు. 'మీ కళ్లు నాకిస్తే, అవి స్పోర్ట్ ఆటనే చూస్తాయని మాటిస్తున్నా' అన్న అర్థంలో వాళ్లు కెమెరా ముందు ప్రమాణం చేశారు. 51 వేల మందికి పైగా కార్డు తీసుకున్నారు. ఏడాదిలో దానాలు 54 శాతం పెరిగాయని, ఆ నగరంలో గుండె కోసం వేచి ఉన్నవారి జాబితా ఖాళీ అయిందని ప్రచారం నడిపినవాళ్లు ప్రకటించారు. అవి వాళ్లు చెప్పిన లెక్కలు. అందులో కొంత తగ్గించుకున్నా, చట్టం సాధించలేనిది ఒక క్లబ్ సాధించిందన్నది మాత్రం తగ్గదు.

ఎలా సాధ్యమైంది? కార్డుకు చట్టపరమైన బలం లేదు. బ్రెజిల్‌లో అప్పటికీ ఇప్పటికీ చివరి మాట కుటుంబానిదే. కార్డు చేసిన పనల్లా ఆ సంగతి ఇంట్లో తెలిసేలా చేయడమే. పర్సులో జట్టు కార్డు పెట్టుకున్నవాడు దాన్ని దాచుకోడు. భోజనాల దగ్గర తీసి చూపిస్తాడు, అన్నదమ్ముల ముందు గొప్పలు పోతాడు. రేపు ఐసీయూ బయట డాక్టర్ అడిగినప్పుడు తల్లి తడుముకోవాల్సిన పని ఉండదు, 'వాడు ఎప్పుడూ అదే అనేవాడు' అంటుంది. కెనడాలో లోగన్ బూలె విషయంలో జరిగింది ఇదే. హంబోల్ట్ బ్రాంకోస్ ఐస్ హాకీ జట్టు బస్సు 2018 ఏప్రిల్‌లో ప్రమాదానికి గురైంది. అంతకు కొద్ది వారాల ముందే, 21వ పుట్టినరోజు తర్వాత, ఆ కుర్రాడు దాతగా పేరు రాయించుకున్నట్టు తండ్రితో చెప్పాడు. అవయవదానం చేసి పోయిన తన కోచ్‌ను చూసి ఆ నిర్ణయం తీసుకున్నాడు. అతని అవయవాలు ఆరుగురికి అందాయి. తర్వాతి వారాల్లో దాదాపు లక్షన్నర మంది కెనడియన్లు పేర్లు నమోదు చేసుకున్నారు.

మన చట్టమూ అంతే. 1994 నాటి మానవ అవయవ మార్పిడి చట్టం కింద మీరు ముందే ఫారం 7 మీద సంతకం చేసినా, జాతీయ అవయవ మార్పిడి సంస్థ నోట్టోకు 2023 నుంచి ఉన్న ఆధార్ ఆధారిత పోర్టల్‌లో ప్రతిజ్ఞ చేసినా, వాస్తవంలో కత్తి పట్టే ముందు చూసేది దగ్గరి బంధువు సంతకం చేసిన ఫారం 8. 2025 ఫిబ్రవరి 12న అహ్మదాబాద్‌లో భారత్, ఇంగ్లండ్ ఆటగాళ్లు రెండు జట్లూ అవయవదానానికి మద్దతుగా పచ్చ ఆర్మ్ బ్యాండ్లు కట్టుకుని మూడో వన్డే ఆడారు. మంచి పని. గిల్ సెంచరీ అందరికీ గుర్తుంది. పచ్చ బ్యాండ్ చూసి ఎంతమంది ఇంటికెళ్లి అమ్మకు ఒక మాట చెప్పారు? ఆ పని చేయించగలిగేది క్రికెట్ బోర్డు కాదు, అభిమాన సంఘాలు. తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు. 1998లో మొదలైన చిరంజీవి బ్లడ్ బ్యాంక్, ఐ బ్యాంక్ నడిచింది అభిమానుల చేతుల మీదే. హీరో పుట్టినరోజున క్యూ కట్టి రక్తం ఇచ్చే కుర్రాళ్లు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. నేత్రదానానికి చనిపోయిన ఆరు గంటల్లోపు కళ్లు సేకరించాలని, అందుకు వెంటనే ఫోన్ చేయాలని వాళ్లకు చెప్పనక్కర్లేదు.

దీనికి అడ్డు చెప్పేవాళ్లూ ఉన్నారు. స్టేడియం ఆవేశంలో తీసుకున్న నిర్ణయం నిలవదంటారు. అంతకంటే బలమైన భయం మరొకటి: అవయవాల కోసం డాక్టర్లే తొందరపడి చనిపోయాడని ప్రకటిస్తారేమోనని. ఈ రెండో భయాన్ని చులకన చేయకూడదు. ఎందుకంటే దానికి జవాబు నినాదాల్లో దొరకదు, ఐసీయూ లోపల జరిగే పనిలోనే దొరుకుతుంది.

జీవన్మృతిని (బ్రెయిన్ డెత్‌ను) నిర్ధారించేది నలుగురు డాక్టర్లు: ఆసుపత్రి అధిపతి, ప్రభుత్వం ఆమోదించిన ప్యానెల్ నుంచి ఒక నిపుణుడు, న్యూరాలజిస్ట్ లేదా న్యూరోసర్జన్, చికిత్స చేస్తున్న డాక్టర్. మార్పిడి చేసే బృందంలోని వారెవరూ ఇందులో ఉండకూడదు. పరీక్షలన్నీ రెండుసార్లు చేయాలి, మధ్యలో కనీసం ఆరు గంటల ఎడం ఉండాలి. ముందుగా మత్తుమందుల ప్రభావం లేదని, ఒళ్లు చల్లబడలేదని, బీపీ నిలకడగా ఉందని తేల్చుకుంటారు. కంటిపాప మీద టార్చి వేస్తారు. చెవిలోకి మంచునీళ్లు పోసి కళ్లు కదులుతాయేమో చూస్తారు. గొంతులో గొట్టం కదిలించి దగ్గు వస్తుందేమో చూస్తారు. ఆఖర్న ఆప్నియా పరీక్ష. రోగికి నూటికి నూరు శాతం ఆక్సిజన్ ఇచ్చి, వెంటిలేటర్ తీసేసి, శ్వాసనాళంలోకి సన్నని గొట్టంతో ఆక్సిజన్ మాత్రం వదులుతూ, ఛాతీ మీద దుప్పటి తొలగించి ఎనిమిది నుంచి పది నిమిషాలు కళ్లార్పకుండా చూస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం 60 మి.మీ. (పాదరసం) దాటినా, లేక మొదటి కొలత కంటే 20 పెరిగినా, ఒక్క శ్వాస కూడా రాకపోతేనే అది మరణం. ఈ కొలతకు బ్లడ్ గ్యాస్ అనలైజర్ పనిచేస్తూ ఉండాలి. అది పాడైతే పరీక్షే లేదు, ప్రకటనే లేదు.

ఇంత పకడ్బందీగా ఉన్నా చేజారిపోయేది ఎక్కడ? మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండం చనిపోగానే శరీరాన్ని పట్టి ఉంచే పగ్గాలు తెగిపోతాయి. బీపీ కుప్పకూలుతుంది. మూత్రాన్ని అదుపులో ఉంచే యాంటీ డైయూరెటిక్ హార్మోన్ ఆగిపోయి మూత్రం లీటర్లకు లీటర్లు పోతుంది. రక్తంలో సోడియం 155 దాటితే కాలేయం దెబ్బతినే ముప్పు పెరుగుతుంది. ఒళ్లు చల్లబడుతుంది. వాసోప్రెసిన్, నారడ్రినలిన్ లాంటి బీపీ నిలబెట్టే మందులు, సెలైన్, వెచ్చటి దుప్పట్లతో గంటగంటకూ కనిపెట్టుకుని ఉండే నర్సు లేకపోతే, కుటుంబం ఒప్పుకునేలోపే గుండె ఆగిపోతుంది. మరొకటి చాలామంది ముందుగా చెప్పనిది: వెన్నుపాము ఇంకా పనిచేస్తుండటం వల్ల ఒక్కోసారి చెయ్యి కదలొచ్చు. ముందే చెప్పకపోతే మంచం పక్కనున్న చెల్లెలు అది చూసి 'అన్న బతికే ఉన్నాడు' అని కేక పెడుతుంది. అక్కడితో అయిపోయింది. రోడ్డు ప్రమాదమైతే పంచనామా, పోలీసుల నిరభ్యంతర పత్రం, పోస్ట్‌మార్టం ఉంటాయి. అవయవాలు తీసే థియేటర్‌కే ఫోరెన్సిక్ డాక్టర్‌ను రప్పిస్తే మృతదేహాన్ని ఇంకోచోటికి తిప్పే బాధ తప్పుతుంది. రప్పించకపోతే బయట నిలబడ్డ బంధువులు విసిగి సంతకం వెనక్కి తీసుకుంటారు.

2025 జనవరి 17న ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు మెట్రోలో ఒక గుండెను 13 కిలోమీటర్లు 13 నిమిషాల్లో చేర్చారు. తీసిన గుండెను నాలుగు నుంచి ఆరు గంటల్లో అమర్చాలి కాబట్టి ఆ వేగానికి విలువుంది. కానీ కెమెరాలన్నీ ఆ 13 నిమిషాల మీదే ఉన్నాయి. ఆ పెట్టె మెట్రో ఎక్కాలంటే, అంతకుముందు ఐసీయూలో ఎవరో ఒక రాత్రంతా మేలుకోవాలి. స్పెయిన్ పది లక్షల జనాభాకు దాదాపు 50 మంది మరణానంతర దాతలతో ప్రపంచానికి ముందు నిలవడానికి కారణం చట్టం కాదు, ప్రతి ఆసుపత్రిలోనూ ఐసీయూ డాక్టర్‌నే అవయవదాన సమన్వయకర్తగా నిలబెట్టిన 1989 నాటి ఏర్పాటు. మన దేశ సగటు ఒకటికి కూడా చేరలేదు. 2024లో 188 మంది దాతలతో, పది లక్షలకు 4.88తో తెలంగాణ జనాభా లెక్కన దేశంలో ముందు నిలిచింది. రాష్ట్ర అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్ పదేళ్లకు పైగా పడ్డ కష్టం అది, గర్వపడదాం. అయినా స్పెయిన్‌లో పదో వంతు.

అసలు అన్యాయం ఇక్కడే ఉంది. చాలా రాష్ట్రాల నిబంధనల్లో, జీవన్మృతుడు ఉన్న ఆసుపత్రికి మార్పిడి అనుమతి ఉంటే కొన్ని అవయవాలపై తొలి హక్కు దానిదే. ప్రభుత్వ ఐసీయూ గుర్తించకపోతే ఆ అవయవాలు ఎవరికీ దక్కకుండా మట్టిలో కలిసిపోతాయి. కార్పొరేట్ ఆసుపత్రి గుర్తిస్తే తొలి వాటా అక్కడి జాబితాకే వెళ్తుంది. హైవే మీద బైక్ జారి తలకు దెబ్బ తగిలించుకునేది ఎక్కువగా గ్యాలరీ టికెట్ కొనుక్కునే కుర్రాడు. లక్షలు కట్టగలిగే రోగి పడుకునేది మరో గదిలో. నిమ్స్, ఉస్మానియాల్లో ఆరోగ్యశ్రీ కింద మార్పిడులు జరుగుతున్నాయి కాబట్టి దారి లేదనలేం. ఆ దారిని వరంగల్, కర్నూలు, విశాఖ పెద్దాసుపత్రుల దాకా వెడల్పు చేయాలి. రాత్రి షిఫ్టులోనూ ఉండే సమన్వయకర్త, నమోదైన నలుగురు డాక్టర్ల ప్యానెల్, చెడిపోని బ్లడ్ గ్యాస్ యంత్రం, పిలిస్తే వచ్చే ఫోరెన్సిక్ డాక్టర్ కావాలి. ఇవేవీ కోట్ల పని కాదు.

ఉప్పల్‌లో సన్‌రైజర్స్ జెండా ఊపే సంఘాలకు, చెన్నై పసుపు చొక్కా వేసుకొచ్చే సంఘాలకు కలిసి చేయగలిగిన పని ఇది. సభ్యులందరూ ఇంట్లో ఒకసారి నోరు విప్పి చెప్పాలి. ఆ తర్వాత తమ జిల్లా పెద్దాసుపత్రి సూపరింటెండెంట్ దగ్గరకు వెళ్లి రాతపూర్వకంగా అడగాలి: ఇక్కడ జీవన్మృతి ప్రకటించే ప్యానెల్ ఉందా? కిందటి ఏడాది అది ఎన్నిసార్లు కూర్చుంది?