కోత పండుగలో సొరకాయ కోతలు

దేవుడు ఆరు రోజుల్లో భూమ్యాకాశాలను సృజించి ఏడో రోజున విశ్రమించాడని ఆదికాండం చెబుతోంది. ఆయనకు చర్చి కోత పండుగ కమిటీ లేదు, తాపీ మేస్త్రీ లేడు. కనుక ఆయనతో నన్ను పోల్చడం న్యాయం కాదు. అయినా గడిచిన వారంలో నేను మోసిన భారాన్ని లోకం దృష్టికి తేవడం అవసరం. ఇంట్లో ఎవరూ ఆ పని చేయడం లేదు. చేయకపోగా మా అమ్మ, "వీడు పొలంలో ఏనాడు ఏం కోశాడని? కోసేవన్నీ సొరకాయలే" అంటోంది. పెద్దావిడ, క్షమించాను.

సోమవారం గోడతో మొదలైంది. వానలకు పెరటి గోడ పదహారు అడుగుల మేర ఒరిగింది. మేస్త్రి పొద్దున్నే వచ్చాడు. గోడను తట్టి చూశాడు, నిలబడి ఉన్న భాగాన్ని కూడా పడగొట్టాడు, అడ్వాన్సు తీసుకున్నాడు, వెళ్లిపోయాడు. ఈ నాలుగు పనులూ నలభై నిమిషాల్లో ముగించాడు. అతని చురుకుదనం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

మంగళవారం అతను రాలేదు. నేను అరుగు మీద కూర్చుని, నెహెమ్యా యెరూషలేము ప్రాకారాన్నంతా 52 రోజుల్లో కట్టించాడు కదా, ఈ లెక్కన పదహారు అడుగులకు ఎంత పడుతుందని పైకే ఆలోచించాను. మా ఆవిడ పడిపోయిన గోడలోంచి పనికొచ్చే ఇటుకలు ఏరుతోంది. "నెహెమ్యా తనూ పనిలోకి దిగాడండీ" అంది, తల ఎత్తకుండానే. లేఖనాలు బాగా తెలిసిన స్త్రీతో కాపురం అంత సులువు కాదు.

అందుకని నెహెమ్యాను వదిలి సొలొమోనును ఆశ్రయించాను. ఆయన దేవాలయం ఏడేళ్లలో కట్టించాడు, సొంత రాజభవనం కట్టడానికి పదమూడేళ్లు పట్టింది. అంతటి జ్ఞానికే సొంతింటి పని దాదాపు రెట్టింపు కాలం తింటే నేనెంత? మెదక్ చర్చి సంగతి చూడండి. 175 అడుగుల గోపురంతో సహా పూర్తయి 1924 క్రిస్మస్ నాటికి ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో పనికి ఆహారం పెట్టి కట్టించారని చెబుతారు. మా మేస్త్రికీ నలభై నిమిషాల్లో రెండు టీలు, ఒక ప్లేటు ఉప్మా పెట్టాం. తేడా ఎక్కడ వచ్చిందో తెలియడం లేదు.

బుధవారం ఎవరింట్లోనో పుట్టినరోజు ప్రార్థన. కేకు బాగుంది.

గురువారం మా ఇంట్లోనే కమిటీ సమావేశం. నేను కార్యదర్శిని. చర్చి ద్వారానికి అరటి చెట్లు రెండు కట్టాలా, నాలుగా అన్నది మొదటి అంశం. రెండు చాలని కోశాధికారి, నాలుగైతేనే నిండుగా ఉంటుందని నేను. నిరుడు ఎన్ని కట్టారో తేల్చడానికి పాత ఫొటోలు తెప్పించాం. వాటిలో అరటి చెట్ల ముందు మేమే అడ్డంగా నిలబడి ఉన్నాం. రెండున్నర గంటల తర్వాత, మూడో విడత టీ వచ్చాక, మూడు అని తీర్మానించాం. మూడోది ఎక్కడ కట్టాలో ఉపసంఘం చూస్తుంది. ఇక మూడు వందల మందికి ప్రేమ విందు సంగతి. "స్త్రీల సమాజం వారు చూసుకుంటారు." మినిట్స్‌లో ఒక్క వాక్యం. ఇలా ఏకాభిప్రాయం కుదిరే అంశాలు సంఘంలో మరిన్ని ఉండాలి.

శుక్రవారం ఉపవాస ప్రార్థన, తర్వాత పులిహోర. శనివారం మావాడి కంఠత వాక్యం. ఈ ఏడూ "యేసు కన్నీళ్లు విడిచెను" అనే చెబుతానని మొండికేశాడు. బైబిలులో అంత పొట్టి వాక్యాన్ని వాడు వరుసగా నాలుగో ఏడు అప్పజెబుతున్నాడు. కీర్తనల్లో 119వది 176 వచనాలురా, అందులోంచి ఒక్కటి చెప్పరా అన్నాను. నువ్వు ఒకటి చెప్పు నాన్నా అన్నాడు. నాకు చర్చిలో బల్లలు సర్దే పని గుర్తొచ్చింది.

ఆదివారం పాస్టరు అయ్యగారు యేసుకు ఆతిథ్యమిచ్చిన అక్కచెల్లెళ్లు మార్త, మరియల మీద అద్భుతమైన వాక్యం చెప్పారు. మార్త విస్తారమైన పనులతో తొందరపడిందట, మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని ఉత్తమమైనది ఎంచుకుందట. మగవాళ్లం అందరం తలలు ఊపాం. ఆడవాళ్ల వైపు చాపలు మూడొంతులు ఖాళీ. వాళ్లు చర్చి వెనక షామియానా కింద ఉల్లిపాయలు కోస్తున్నారు. అటువైపు స్పీకరు పనిచేయదు కనుక ఈ మంచి మాటలు వాళ్ల చెవిన పడలేదు. స్పీకరు బాగు చేయించడం నా బాధ్యతల్లో ఒకటి. వచ్చే సమావేశంలో పెడతాం.

ఆరాధన అయ్యాక, ఇళ్ల నుంచి కానుకగా తెచ్చిన ప్రథమ ఫలాల వేలం. వరికంకులు, కోళ్లు, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు. బుట్టలోంచి ఒక సొరకాయ పైకి లేచింది. లేతగా, నూగుతో, మూరెడు పొడవుంది. "యాభై" అన్నాడు కోశాధికారి. రెండు అరటి చెట్లు చాలన్న మనిషి. నేను వంద అన్నాను. రెండు వందలు. మూడు వందలు. ఐదు వందల దగ్గర వెనక బెంచీల వాళ్లు లేచి నిలబడ్డారు. వెయ్యి దగ్గర కోశాధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పదకొండు వందలు" అన్నాను. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. సంఘమంతా చప్పట్లు. దాన్ని చంటిబిడ్డలా భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాను.

మా ఆవిడ కాయను అటూ ఇటూ తిప్పింది. ఒక పక్క చదునుగా ఉంది. ఇటుక అంచుకు ఆనుకుని పెరిగినట్టు అడ్డంగా ఒక గీత, ఆ గీత వెంట సున్నపు మరక. ఎంత కడిగినా పోలేదంది. సోమవారం మేస్త్రి గోడతో పాటు పాదును కూడా లాగేస్తే, శిథిలాల్లోంచి తీసి పండుగకు దాచి బుట్టలో పెట్టింది తనేనట.

ఈ రోజు మేస్త్రి వచ్చాడు. ఇసుకకు వెయ్యి కావాలన్నాడు. ఆ వెయ్యి, పైన మరో వంద, దేవుని పనికి వెళ్లాయని చెప్పాను. సరేనని భోజనానికి కూర్చుని సొరకాయ పులుసు రెండుసార్లు వడ్డించుకున్నాడు. "సంతలో ఇరవై రూపాయలకు ఇంత లేత కాయ రాదమ్మా" అని మెచ్చుకున్నాడు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను మినిట్స్ పుస్తకం తెరిచి మూడో అరటి చెట్టు వ్యవహారం మొదటి నుంచి చదవసాగాను.