ఎక్మో మెషిన్ కొంటారు సరే, నర్సులేరీ?

ఎక్మో అంటే రక్తాన్ని ఒంట్లోంచి బయటికి తీసి, ఆక్సిజన్ ఎక్కించి మళ్ళీ లోపలికి పంపే మెషిన్. 2020లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు చెన్నైలో ఎక్మో మీద ఉండి కన్నుమూసినప్పటి నుంచి మనలో చాలామందికి ఒక నమ్మకం పాతుకుపోయింది. ఆ మెషిన్ పెట్టారంటే ఇక అంతే, బిల్లు పెంచడానికే పెట్టారు అని. ఈ నమ్మకం వల్ల బతకాల్సిన వాళ్ళు కూడా పోతున్నారని నా బాధ. అందుకే మన ఉత్తరాంధ్రకి ఎక్మో ఎలా ఉండాలో మాట్లాడుకుందాం.

లెక్కలు వేరే చెబుతున్నాయి. 2009 స్వైన్‌ఫ్లూ అప్పుడు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో వెంటిలేటర్‌కి కూడా లొంగని 68 మందికి ఎక్మో పెడితే ఎక్కువమంది బతికారు. కొవిడ్ మొదటి నెలల్లో పలు దేశాల్లో ఎక్మో పెట్టిన 1,035 మందిని చూస్తే, 90 రోజుల్లో ఆస్పత్రిలోనే చనిపోయే అవకాశం 37 శాతం. 2020 మే నుంచి, అప్పటికే కొవిడ్‌కి ఎక్మో వాడుతున్న సెంటర్లలో అది 52కి, కొత్తగా దిగిన సెంటర్లలో 59 దగ్గరకి వెళ్ళింది. రోగుల పరిస్థితిలో, మందుల్లో తేడాలు ఉన్నమాట నిజమే, కానీ అదే సమయంలో పాత, కొత్త సెంటర్ల మధ్య తేడా చూడండి, మెషిన్ అదే కదా, చేతులు వేరు!

ఈ చేతుల సంగతే ఎవరూ మాట్లాడరు. తొడ దగ్గర రక్తనాళం నుంచి వేలంత లావు గొట్టంతో నల్లటి రక్తం బయటకొచ్చి, కృత్రిమ ఊపిరితిత్తిలో (దీన్నే ఆక్సిజనేటర్ అంటారు) ఆక్సిజన్ నింపుకుని ఎర్రగా లోపలికి వెళ్తుంటుంది. అది గడ్డకట్టకుండా హెపారిన్ ఇవ్వాలి, ఇస్తే మెదడులోనో కడుపులోనో రక్తస్రావం కావచ్చు, తగ్గిస్తే గొట్టాల్లో గడ్డలు. ఆస్ట్రేలియా రోగుల్లో సగానికి పైగా రక్తస్రావం అయింది. ఇంకా ఇన్ఫెక్షన్లు, కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్. వీటిని ముందుగా పట్టేది టార్చిలైటు వేసి ఆక్సిజనేటర్‌లో గడ్డ ఉందా అని వెతికే నర్సు, మెదడులో రక్తస్రావం అయిందేమోనని గంటగంటకీ కనుపాపలు చూసే నర్సు. అలాంటి మనిషి రాత్రీ పగలూ ఒక్క రోగి పక్కనే ఉండాలి.

ఎక్మోకి పెట్టే డబ్బుతో పాడేరు, అరకు పీహెచ్‌సీలు బాగుచేయొచ్చు కదా అనేవాళ్ళున్నారు. న్యాయమైన మాటే. పైగా రోగిని బోర్లా పడుకోబెట్టడం లాంటి, పెద్ద ఖర్చులేని వైద్యమే తీవ్రమైన కేసుల్లో మరణాలను సగానికి తగ్గించిందని 2013లో ఫ్రాన్స్ డాక్టర్ల అధ్యయనం తేల్చింది. అది ముందు చేయాల్సిందే. కానీ బోర్లా తిప్పడానికీ నలుగురైదుగురు మనుషులు కావాలి, మళ్ళీ అక్కడికే వచ్చాం.

విశాఖలో ఆస్పత్రికో మెషిన్ వద్దు. శ్రీకాకుళం నుంచి ఏజెన్సీ దాకా అందరికీ కలిపి, పేదవాడికి బిల్లు భయం లేకుండా, ప్రభుత్వ రంగంలో ఒక్క గట్టి సెంటర్ చాలు. వెంటిలేటర్ మీద వారం దాటాక ఊపిరితిత్తులు గట్టిపడిపోయి ఎక్మో పెట్టినా ఫలితం తగ్గిపోతుంది కాబట్టి, జిల్లా ఆస్పత్రి డాక్టరు రెండో రోజో మూడో రోజో ఫోన్ చేస్తే ఎత్తే సెంటర్ కావాలి. అక్కడి నర్సులను కాంట్రాక్టు మీద తెచ్చి, పని నేర్చుకోగానే గల్ఫ్‌కో హైదరాబాద్‌కో పోయేలా చేసే పద్ధతి మానాలి. ఉత్తరాంధ్రకి ఏది ఇచ్చినా బిల్డింగులు, మెషిన్లే ఇస్తారు, మనుషుల్ని ఇవ్వరు. ఈసారి టెండరు పిలిచే ముందు పర్మనెంట్ పోస్టుల జీవో బయట పెట్టమని మన ఎమ్మెల్యేలను గట్టిగా అడుగుదాం.