గల్లాపెట్టె పైనున్న వాగ్దాన కార్డుగారికి, అనంతపురం

మహారాజశ్రీ వాగ్దాన కార్డుగారికి వందనాలు.

పోయిన శనివారం మధ్యాహ్నం రెండు నుంచి పొద్దు గూకేదాకా తమరు గోడ మీది నుంచి చూస్తూనే ఉన్నారు. విత్తనం శెనక్కాయలు వలిచిన ఆడవాళ్లు నలుగురు అరుగు మీద కూర్చున్నారు. రావలసింది ఆరు రోజుల కూలి. చివరికి "సోమవారం రాండమ్మా, ప్రైజ్ ది లార్డ్" అని గల్లాపెట్టెకు తాళం పడింది. ఆ పెట్టెకు జానెడు పైన, సెల్లోటేపు కింద, తమరు: నిన్ను తలగా నియమించును గాని తోకగా నియమింపడు. బైబిల్లో ద్వితీయోపదేశకాండము 28:13. వెనకాల మంచుకొండ బొమ్మ. అనంతపురంలో, జూన్ నెలలో!

అందరూ తలలే అయితే మరి తోక ఎవరు సామీ? అరుగు మీద వాళ్లేనా?

డిసెంబరు 31 రాత్రి చర్చిలో, కొత్త ఏడాదికి తలా ఒక వాక్యం తీసుకోండని, తమరు స్టీలు పళ్లెంలో బోర్లా పడుకుని వస్తారు. "తన సిలువ నెత్తుకొని" అనే కార్డు ఏ పళ్లెంలోనూ కనబడదు. నచ్చని వాక్యం వస్తే ఇంకో మారు చెయ్యి పెట్టేవాళ్లున్నారు, పోనీ. కార్డు వెనక వైపు పాస్టరుగారి ఫొటో వాక్యం కంటే పెద్దది, అదీ పోనీ. తమరి కత్తెరను మాత్రం పోనీ అనలేం.

ఆ 13వ వచనంలోనే "ఆజ్ఞలు విని నడుచుకుంటే" అని ఒక షరతుంది. కత్తెర సరిగ్గా దాని మీదే పడింది. 28వ అధ్యాయంలో 68 వచనాలు. దీవెనలు 14తో సరి. 15 నుంచి చివరిదాకా, అంటే 54 వచనాలు, వినకపోతే ఏమవుతుందో. ఆ 54లో ఒక్కటీ ఇంతవరకు కార్డెక్కలేదు. నాలుగు అధ్యాయాలు వెనక్కి తిప్పితే 24:15. ఏనాటి కూలి ఆనాడే, పొద్దు గూకక ముందే ఇయ్యమంటుంది, వాడు బీదవాడు, దాని మీదే ప్రాణం పెట్టుకుని ఉంటాడని. అదే పుస్తకం, అదే మోషే. కొత్త నిబంధనకు వచనాల అంకెలు వేసింది 1551లో రోబేర్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు. పాపం, ఆయన వెతుక్కోవడానికి వేశాడు, కోసుకోవడానికి కాదు.

"ధర్మశాస్త్రం మనకెందుకప్పా, మనం కృప కింద ఉన్నాం" అంటారు నీ భక్తులు. రోమా 6:14, నోటికొచ్చు. ఆ పక్క వచనమే రాదు. కృప కింద ఉన్నామని పాపం చేద్దామా అని అడిగి, పౌలు అక్కడే కూడదన్నాడు. అయినా నువ్వు దిగి వచ్చింది ఏ శాస్త్రంలోంచి? ఆశీర్వాదానికి పాత నిబంధన, కూలికి కొత్త నిబంధనా? సరే, కొత్తదే తియ్యి. యాకోబు 5:4. చేలు కోసినవాళ్లకు ఇయ్యకుండా బిగబట్టిన కూలి మొరపెడుతుందట. కూలోళ్ల కేకలతో పాటు ఆ డబ్బు కూడా అరుస్తుందట.

నీ తమ్ముడు ఎఫెసీ 2:8 కార్డు ఇంటింటా ఉన్నాడు. కృపచేతనే రక్షింపబడియున్నారు. అక్షరాలా నిజం. కూలి ఇచ్చి రక్షణ కొనుక్కోలేం, దశమభాగం ఇచ్చి అసలే కొనుక్కోలేం. కానీ రెండు వచనాలు దాటితే 2:10, సత్క్రియలు చేయడానికే మనల్ని సృష్టించాడని. అదెక్కడ పోయింది? పన్నులు వసూలు చేసే జక్కయ్యను చూడు. యేసు లెక్కల పుస్తకం అడగలేదు, నేడు నీ ఇంట్లో ఉండాలన్నాడు, అంతే. కృప ముందు ఇంట్లోకి వచ్చింది, దాని వెనకే గల్లాపెట్టె తెరుచుకుంది. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. ఇక్కడ నువ్వు గోడెక్కి ఆరు నెలలైంది. పెట్టెకు తాళమే పడింది.

ఆ నలుగురిలో ఒకామె కొంగుముడిలో కూడా ఒక కార్డుంది. అదే పళ్లెంలోది, అదే రాత్రిది. కీర్తన 23:1, నాకు లేమి కలుగదు. చదువు రాదు, పక్కామెతో చదివించుకుంది. శనివారం బస్సు చార్జీకి చిల్లర ఉందా లేదా అని ముడి విప్పితే అది కింద పడింది. తీసి, దుమ్ము తుడిచి, కళ్లకద్దుకుని మళ్లీ ముడేసుకుంది.

నువ్వు చూస్తూనే ఉన్నావు.