బ్రయన్ క్రీస్తు కాడు

బీబీసీ టీవీలో కామెడీ షో చేసి పేరు తెచ్చుకున్న బ్రిటిష్ బృందం మాంటీ పైథాన్ మీద ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. గ్రూపులు మారుతున్నాయి గానీ అక్షరం మారడం లేదు. "మాంటీ పైథాన్‌ను ఇప్పటికీ మెచ్చుకునేవాళ్లు నవ్వు రాకపోయినా నవ్వినట్టు నటిస్తున్నారు" అని మొదలుపెట్టి, కింద ఐదు కారణాలు చూపిస్తుంది. ఎవరో ఒకరు జవాబు రాయాలి కదా, నేనే రాస్తున్నాను.

"పైథాన్ కంప్యూటర్ భాష పేరుకూ వీళ్లకూ సంబంధం లేదు, అది పాము పేరు." తప్పు. 1991లో ఆ భాషను విడుదల చేసిన గీడో వాన్ రోసమ్ ఈ షో పేరే పెట్టాడు. భాష అధికారిక డాక్యుమెంటేషన్‌లోనే ఆ సంగతి ఉంది. అమీర్‌పేటలో పైథాన్ కోచింగ్ తీసుకున్నవాళ్లు కూడా దీన్ని ఫార్వర్డ్ చేస్తున్నారు, అదే బాధ.

"ఇంగ్లండ్‌వాళ్లకు తప్ప ఎవరికీ ఎక్కదు." 1971, 1972లలో జర్మన్ టీవీ కోసం రెండు ప్రత్యేక ఎపిసోడ్లు తీశారు. మొదటిదాంట్లో డైలాగులు బట్టీపట్టి మరీ జర్మన్‌లో చెప్పారు. ఈ పాయింటుకు ఇంతకంటే అక్కర్లేదు.

"మత్తులో ఏది తోస్తే అది రాశారు." రాతబల్ల దగ్గర ఒక్కరోజు కూర్చున్నవాళ్లెవరూ ఈ మాట అనరు. బృందంలో క్లీజ్, చాప్‌మన్ కలిసి రాసేవారు. పేలిన్, జోన్స్ ఇంకో జంట. ఐడిల్ ఒక్కడే రాసుకునేవాడు. తర్వాత అందరూ కూర్చుని ఎవరిది వాళ్లు పైకి చదివేవారు. మిగతావాళ్లు నవ్వకపోతే ఆ స్కెచ్, అంటే ఆ చిన్న కామెడీ సీన్, పక్కకే. చచ్చిన చిలకను షాపుకు తిరిగి తెచ్చే స్కెచ్ చూడండి. దాని మూలం 1968లో వేరే కార్యక్రమంలో చేసిన కారు స్కెచ్. కారు పాడైందని కస్టమర్ మొత్తుకుంటాడు, అమ్మినవాడు ఒప్పుకోడు. మరుసటి ఏడాది కారు తీసేసి చిలకను పెట్టారు. కారుకైతే రిపేరుంటుంది, చావుకుండదు. అందుకే అమ్మేవాడి ప్రతి సాకూ మొదటిదానికంటే ఘోరంగా, మొదటిదానికంటే నవ్వొచ్చేలా ఉంటుంది. మత్తులో కుదిరే పని కాదు ఇది. చాప్‌మన్‌కు తాగుడు వ్యసనం ఉన్న మాట నిజమే. 1977 చివర్లో మానేశాడు. వాళ్ల సినిమా 'లైఫ్ ఆఫ్ బ్రయన్'లో హీరో బ్రయన్‌గా నటించింది ఆ తర్వాతే.

ఇక అసలు విషం నాలుగో పాయింటు: "లైఫ్ ఆఫ్ బ్రయన్‌లో ఏసుక్రీస్తును ఎగతాళి చేసి డబ్బు చేసుకున్నారు." మిగతావి తెలియక రాసిన మాటలు అనుకుని వదిలేయొచ్చు, దీన్ని వదలను. దీన్ని చదివి మనసు కష్టపెట్టుకున్న క్రైస్తవ మిత్రులు మన మధ్యే ఉన్నారు. చూడని సినిమా మీద వాళ్లకు కోపం తెప్పిస్తున్నారు మీరు.

సినిమా మొదట్లోనే, పసి క్రీస్తును చూడటానికి బయల్దేరిన ముగ్గురు జ్ఞానులు ఇల్లు పొరబడి, అప్పుడే పుట్టిన బ్రయన్ తల్లి దగ్గరికి వస్తారు. పొరపాటు తెలిశాక ఇచ్చిన కానుకలు లాక్కుని అసలు ఇంటికి పోతారు. అంటే బ్రయన్ వేరు, క్రీస్తు వేరు అని తొలి నిమిషాల్లోనే చెప్పేశారు. తర్వాత కొండమీద ప్రసంగం. క్రీస్తు మాటల్ని మార్చలేదు, ఆయన మీద ఒక్క జోకు లేదు. కెమెరా గుంపు చివరికి వెళ్తుంది. అక్కడ మాట సరిగా వినపడక, శాంతి కోసం పాటుపడేవారు (పీస్‌మేకర్స్) ధన్యులంటే జున్ను చేసేవారు (చీజ్‌మేకర్స్) ధన్యులని విని కొట్టుకుంటారు. తర్వాత బ్రయన్ పారిపోతుంటే చెప్పు జారిపోతుంది. వెంటపడ్డ జనం దాన్ని దేవుడి గుర్తు అంటారు, కాదు అతని సొరకాయే గుర్తని ఇంకొందరు. ఎగతాళి ఎవరి మీద? వినకుండా నమ్మేసి, నమ్మి కొట్టుకునేవాళ్ల మీద. ఈ మెసేజ్ ఫార్వర్డ్ చేస్తున్నవాళ్లకు ఆ గుంపులో చోటుంది!

మొదట్లో క్రీస్తు మీదే జోకులు వేద్దామన్న ఆలోచన వాళ్లకు ఉండేది. సువార్తలు చదివాక ఆయన బోధలో నవ్వడానికేమీ లేదని వదులుకున్నామని వాళ్లే చెప్పారు. డబ్బు సంగతా? షూటింగ్ మొదలయ్యే ముందు ఈఎంఐ అనే బ్రిటిష్ కంపెనీ పెట్టుబడి వెనక్కి తీసుకుంది. ఇల్లు తాకట్టు పెట్టి డబ్బు తెచ్చింది బీటిల్స్ బ్యాండ్ జార్జ్ హారిసన్, మన కృష్ణభక్తుడు. 1979 నవంబరులో బీబీసీ చర్చలో రచయిత మాల్కం మగ్గరిడ్జ్, బిషప్ మెర్విన్ స్టాక్‌వుడ్ ఈ సినిమాను ఏకిపారేశారు. వాళ్లిద్దరూ సినిమాకు ఆలస్యంగా వచ్చి, బ్రయన్, క్రీస్తు వేరువేరని చెప్పే ఆ మొదటి భాగమే చూడలేదని తర్వాత బయటపడింది. అప్పుడు కనీసం మిగతాదైనా చూశారు. మీరు?

ఐదోది, "ముసలివాళ్ల నాస్టాల్జియా." ఇందులో కొంత నిజముంది. 2014లో వాళ్లు మళ్లీ కలిసి లండన్ ఓ2 అరీనాలో చేసిన తొలి షో టికెట్లు నిమిషంలోపే అయిపోయాయి. ఆ జనంలో చాలామంది పాత జ్ఞాపకాల కోసమే వచ్చి ఉంటారు. టీవీ షో 45 ఎపిసోడ్లలో తేలిపోయిన స్కెచ్‌లూ ఉన్నాయి, క్లీజ్ లేని నాలుగో సిరీస్‌లో మరీనూ. అయితే చిలక స్కెచ్‌కు ఈరోజు మొదటిసారి పగలబడి నవ్వే కుర్రాడికి ఏ జ్ఞాపకం ఉంది?

మెసేజ్ రాసినవాళ్లు నిజంగా తప్పు పట్టాలనుకుంటే ఆడవాళ్ల సంగతి అడగాల్సింది. నటి క్యారల్ క్లీవ్‌లాండ్ అన్నేళ్లు వాళ్లతో ఉన్నా ఆమెకు దక్కినవి ఎక్కువగా అందంగా కనిపించే పాత్రలే. నవ్వించే ఆడవేషాలు చాలావరకు మగవాళ్లే కట్టుకున్నారు. ఆ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.