మహారాజశ్రీ ‘సశేషం’ గారికి

మహారాజశ్రీ సశేషం గారి సముఖానికి, ఫోన్లో కథలు చదువుకునే ఒక పాఠకురాలు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేం క్షేమం. తమ క్షేమం వేరే అడగక్కర్లేదు, ఏ కథ తెరిచినా చివర ‘ఇంకా ఉంది’ అంటూ తమరే దర్శనమిస్తున్నారు.

వారపత్రికల రోజుల్లో సీరియల్ పేజీ అడుగున ఓ మూల తమకు చోటుండేది. చిన్నకథల జోలికి పెద్దగా వచ్చేవారు కాదు. 1978లో మొదలైన ‘చతుర’ అయితే నెలకో నవల మొత్తాన్నీ ఒకే సంచికలో ఇచ్చేసి తమర్ని గుమ్మం కూడా తొక్కనివ్వలేదు. ఇప్పుడు అచ్చు పత్రికలు ఒక్కొక్కటే మూతబడుతుంటే, తమరు చక్కగా ఫోన్లోకి మకాం మార్చారు.

ఆన్‌లైన్ కథ మీద నాకేం కోపం లేదండీ. కథ సొంతమేనని హామీపత్రం రాసి, స్టాంపులు అంటించిన తిరుగు కవరు జతచేసి, నెలల తరబడి పోస్ట్‌మ్యాన్ కోసం చూసే బాధ తప్పింది. పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రి పదకొండింటికి మంచం మీద బొటనవేళ్ళతో కథ టైపు చేసి, అప్పటికప్పుడే పోస్ట్ చేసుకునే ఆడవాళ్ళు ఎందరో. ఏ ఎడిటర్ దయా అక్కర్లేదు. తీరా ఖాళీ అయిన ఆ ఎడిటర్ కుర్చీలో తమరు కూర్చున్నారు!

మొన్న ఓ కుటుంబ కథలో పదిహేడో భాగం చదివాను. హీరోయిన్ మేడ మీదున్న మొగుడికి కాఫీ పట్టుకెళ్తోంది. మెట్లెక్కుతూ పెళ్ళిచూపులు తలుచుకుంది, అత్తగారి మాటలు తలుచుకుంది. చివరి మెట్టు మీద ఫోన్ మోగింది. తమరు ప్రత్యక్షం. రేపటిదాకా ఆగు, లేదంటే యాప్‌లోని నాణేలిచ్చి తర్వాతి భాగం తాళం తీయించుకో అన్నారు. తీయించాను. పద్దెనిమిదో భాగంలో సగం పదిహేడో భాగమే. ఫోన్ చేసింది లోను కావాలా అని అడిగే బ్యాంకు అమ్మాయి. కాఫీ మాత్రం ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

హారర్‌లో దెయ్యం వచ్చేసరికి పది భాగాలు దాటి, భయం పోయి దాని మీద జాలేస్తోంది. క్రైమ్‌లో శవం కుళ్ళిపోతున్నా ఇన్‌స్పెక్టర్ జీపు దిగడు. సైన్స్ ఫిక్షన్ సంగతి ఎత్తను, అంతరిక్ష నౌకలోనూ అత్తగారే.

1910లో గురజాడ ‘దిద్దుబాటు’ రాసినప్పుడు తమరు ఆ చుట్టుపక్కల లేకపోవడం మా అదృష్టం. అర్ధరాత్రి దాటాక గోపాలరావు ఇంటికొచ్చాడు, భార్య కమలిని లేదు, ఉత్తరం ఉంది, చివరికి ఆవిడ మంచం కింద నవ్వింది. కొద్ది పేజీల్లో అంతా అయిపోయింది. తమ ఏలుబడిలోనైతే తలుపు తెరుచుకోవడానికే మూడు భాగాలు. ఉత్తరానికి తాళం. నౌకరు రాముడికి విడిగా ఫ్లాష్‌బ్యాక్. కమలిని, పాపం, దసరా నుంచి సంక్రాంతి దాకా మంచం కిందే!

రాసేవాళ్ళని అనడానికీ నోరు రాదు. ఒక్క భాగంలో ముగిస్తే తాళం వేయడానికి రెండోది ఎక్కడుంటుంది? ముగిసిన కథకి చప్పట్లు, ముగియని కథకి డబ్బులు. పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? పాఠకులకీ తమ అలవాటు బాగా పట్టేసింది. ఒకావిడ ఆరు పేజీల్లో చక్కటి కథ రాసింది. చివర్లో హీరో చనిపోయాడు, దహనం అయింది, అస్థికలు గోదావరిలో కలిపేశారు కూడా. కింద మొదటి రివ్యూ: “సూపర్ అక్కా, నెక్స్ట్ పార్ట్ త్వరగా పెట్టండి.”

సీరియళ్ళు తమరే ఏలుకోండి, అడ్డు చెప్పను. ఆరు పేజీల కథ దగ్గరికి మాత్రం రాకండి. అంతగా రావాలనిపిస్తే ఆ కాఫీ మొగుడికి అందాక రండి.

ఇట్లు,
రెండే నాణేలు మిగిలిన పాఠకురాలు