రేడియో స్కానర్ గారికి విన్నపం

మహారాజశ్రీ రేడియో స్కానర్ గారి సముఖమునకు,

అమెరికా రైల్వే సిబ్బంది మాటలు 160, 161 మెగాహెర్ట్జ్‌ల చుట్టుపక్కల దొరుకుతాయని తెలిసి, ఛానెల్ తర్వాత ఛానెల్‌ను గాలించి మాటలు వినిపించే తమరిని ఇంటికి తెచ్చుకున్న నాటినుంచి, నా చెవులకు చాకిరీయే తప్ప బుద్ధికి మేత లేదని మనవి చేసుకుంటున్నాను.

మొదటి రోజే తమరు ‘ఫ్రాగ్ చిట్లింది, వెల్డర్ కావాలి’ అని వినిపించారు. కప్పకు దెబ్బ తగిలితే పశువైద్యుడు రావాలి గాని వెల్డర్ దేనికని రాత్రంతా మథనపడ్డాను. పట్టాలు చీలే చోట ఒక పట్టాను మరొకటి దాటే ఇనుప ముక్కను ఫ్రాగ్ అంటారనీ, దాని మొన 5/8 అంగుళం కన్నా లోతుగా, 6 అంగుళాల కన్నా వెనక్కి అరిగినా విరిగినా రైలు గంటకు 10 మైళ్లు మించి పోరాదని ఫెడరల్ నిబంధన ఉందనీ పుస్తకాలు చెప్పాయి. తమరు చెప్పలేదు.

‘ఫామ్ బి’ అంటే సెలవు దరఖాస్తు అనుకున్నాను. పనివాళ్లకు ఫలానా మైలురాయి నుంచి ఫలానా మైలురాయి వరకు, ఫలానా వేళల్లో దారిని అప్పగించే ఉత్తర్వట అది. సిగ్నల్ పచ్చగా వెలుగుతున్నా సరే, మైలు పొడవున్న గూడ్సు బండి సైతం చేతిలో చిన్న రేడియో పట్టుకున్న ఒక ఫోర్‌మన్, అంటే ఆ పనివాళ్ల పెద్ద, అనుమతి కోసం ఆగవలసిందే. ఆయన ఏ వేగంతో రమ్మంటాడో అని ఊపిరి బిగబట్టి వింటుండగా, తమరు ఎక్కడో గురగుర వినిపించిందని మరో ఛానెల్‌కు గెంతారు. తిరిగి వచ్చేసరికి అక్కడ నిశ్శబ్దం తప్ప ఏమీ మిగలలేదు.

ఇక తమరి పక్షపాతం సంగతి. బండ్ల రాకపోకలను నడిపిస్తూ ఉత్తర్వులిచ్చే డిస్పాచర్ గొంతు ఎత్తైన టవరు నుంచి ఖంగున మోగుతుంది. ఎండలో నిలబడ్డ ఫోర్‌మన్ జవాబు మాత్రం వేయించిన పేలాల చప్పుడవుతుంది. అంకెలను ఒక్కొక్కటిగా పలికి, ఉత్తర్వును మాట పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పించుకునే ఆచారం లేకపోతే నాకు ఒక్క ముక్కా అందేది కాదు. దాన్ని మొదట చాదస్తమనుకుని నవ్వుకున్నాను. అప్పజెప్పినది సరిచూసి డిస్పాచర్ సమయంతో సహా ‘ఓకే’ అనేవరకు ఆ ఉత్తర్వు చెల్లదని తెలిశాక నవ్వడం మానేశాను.

కావున ఆ ‘ఓకే’ వినబడేవరకైనా ఒకేచోట నిలకడగా ఉండవలసిందిగా ప్రార్థన. తమరి ముఖాన ‘హోల్డ్’ అనే బొత్తాం ఒకటి ఉన్నదని నేను నిన్ననే గమనించిన సంగతిని ఈ ఫిర్యాదు విచారణలోకి తీసుకోవద్దని కూడా వేడుకుంటున్నాను.

ఇట్లు,
సగం మాటల శ్రోత